కాలేయానికి కరెంటు పోతే

జ్వరానికి ఒక మాత్ర, ఒళ్లునొప్పులకు ఇంకొకటి, జలుబుకు మరొకటి. పేర్లు వేరు, రంగులు వేరు. లోపలి మందు మాత్రం చాలాసార్లు ఒకటే: పారాసిటమాల్. మోతాదులో వాడితే ఇది సురక్షితమైన మందే. పెద్దవారికి రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. అది బాగా మించితే దెబ్బ పడేది కాలేయం మీద.

ఈ మందులో ఎక్కువ భాగాన్ని కాలేయం హానిలేని పదార్థాలుగా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం ఎన్‌ఏపీక్యూఐ అనే విషపదార్థంగా మారుతుంది. దాన్ని గ్లూటాథియోన్ అనే రసాయనం ఎప్పటికప్పుడు నిర్వీర్యం చేస్తుంటుంది. మోతాదు మించితే గ్లూటాథియోన్ నిల్వలు నిండుకుంటాయి. మిగిలిపోయిన విషం కణాల్లోని మైటోకాండ్రియాపై దాడి చేస్తుంది. కణానికి కావలసిన శక్తిని ఏటీపీ రూపంలో అందించే పవర్‌హౌస్‌లు అవే. అవి మూతపడితే కణం చనిపోతుంది.

నష్టం అక్కడితో ఆగదు. పరగడుపున ఉన్నప్పుడు శరీరానికి గ్లూకోజ్ సరఫరా చేసేది ప్రధానంగా కాలేయమే. భోజనం తర్వాత మిగిలిన చక్కెరను గ్లైకోజెన్‌గా దాచుకుని, రాత్రి నిద్రలో కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. ఆ నిల్వ సుమారు 100 గ్రాములు. అది తరిగేకొద్దీ లాక్టేట్, అమైనో ఆమ్లాల నుంచి కొత్త గ్లూకోజ్ తయారుచేస్తుంది. ఆ తయారీకీ ఏటీపీ కావాలి. అదే కరువైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. వాడుకోవలసిన లాక్టేట్ పేరుకుపోయి రక్తంలో ఆమ్లగుణం పెరుగుతుంది. గ్లూకోజే ప్రధాన ఇంధనమైన మెదడు తల్లడిల్లుతుంది. కాలేయ మార్పిడి అవసరమా అన్నది తేల్చడానికి లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆస్పత్రి వైద్యులు 1989లో రూపొందించిన ప్రమాణాల్లో రక్తంలోని ఆమ్లగుణం కీలకమైనది.

చిక్కల్లా మొదటి రోజుతోనే. కాస్త వికారం, వాంతులు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. కామెర్లు బయటపడేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. విరుగుడు మందు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ గ్లూటాథియోన్ నిల్వలను తిరిగి నింపుతుంది. 8 గంటల్లోపు మొదలుపెడితే కాలేయాన్ని దాదాపు పూర్తిగా కాపాడుతుంది. ఆలస్యమైనా వృథా కాదు. అందుకే మోతాదు మించిందని తెలిసిన వెంటనే, మనిషి బాగానే ఉన్నా, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

రోజూ మద్యం తాగేవారు, జ్వరంతో రోజుల తరబడి తిండి మానేసినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వారిలో గ్లూటాథియోన్ నిల్వలు ముందే తరిగి ఉంటాయి. పసిపిల్లలకు బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదే ఇవ్వాలి. రెండో మాత్ర మింగేముందు స్ట్రిప్ వెనక ఉన్న మందు పేరు చదవడం అర నిమిషం పని. కాలేయం బాగుండాలంటే ఆ అర నిమిషం కేటాయించక తప్పదు.