సీలు తీయని నూనె బుడ్డి

కుక్కలకి జుట్టు కత్తిరించే క్లిప్పర్‌ని తెలుగులో ఏమంటారని అమ్మని అడిగితే "ట్రిమ్మర్" అంది. తెలుగు క్లబ్ మ్యాగజైన్‌కి రాస్తున్నాను కదా అని నాన్నని కూడా అడిగాను. "జుట్టు మిషను" అన్నారు. బాగానే ఉంది కానీ, అందరికీ అర్థమయ్యేది క్లిప్పరే కాబట్టి అలాగే రాస్తాను.

మా ఇంట్లో లడ్డూ అని ఒక షిట్జూ ఉన్నాడు. ఈ జాతికి జుట్టు మన జుట్టులాగే పెరుగుతూ ఉంటుంది. వదిలేస్తే ఉండలు కట్టి కళ్ళ మీద పడుతుంది. గ్రూమింగ్‌కి అడిగే డబ్బులు చూసి, రెండో సెమిస్టర్ సెలవుల్లో నేనే ఒక క్లిప్పర్ కొన్నాను. రెండుసార్లు బాగానే జరిగింది. మూడోసారి పొట్ట దగ్గర పెట్టగానే వాడు నా చెయ్యి కరిచాడు. "వీడికి పొగరెక్కింది" అని ఇంట్లో అందరం తీర్మానించేశాం. నేనైతే మూతికి గుడ్డ కట్టి మరీ పని పూర్తి చేశాను. మర్నాడు చూస్తే పొట్ట మీద ఎర్రగా కమిలిన చారలు. వెటర్నరీ డాక్టర్ గారు చూసి, బ్లేడు వేడికి కాలిందన్నారు. "నూనె వేస్తున్నావా?" అని ఒక్కటే అడిగారు. ఇంటికొచ్చి డబ్బా తెరిచాను. క్లిప్పర్‌తో పాటు వచ్చిన చిన్న నూనె బుడ్డి, సీలు కూడా తీయకుండా అలాగే ఉంది.

అందుకే అంటున్నాను, కుక్క కరిస్తే ముందు కుక్కని తిట్టకండి, బ్లేడు ముట్టుకుని చూడండి. క్లిప్పర్‌లో పళ్ళున్న బ్లేడులు రెండుంటాయి. కిందది కదలదు. పైది దాని మీద అటూ ఇటూ వేగంగా కదులుతుంది. అంత వేగంగా రాసుకుంటే వేడెక్కదా మరి? మధ్యలో పల్చటి నూనె పొర ఉంటే రాపిడి తగ్గుతుంది. లేకపోతే వేడి ఒక్కటే కాదు, మోటార్‌కి బరువై పైబ్లేడు నెమ్మదిస్తుంది, వెంట్రుకలు తెగకుండా పీకుతుంది. సెలూన్‌లో మనకైతే "అన్నా, లాగుతోంది" అనడానికి నోరుంది. లడ్డూకి ఉన్నవి పళ్ళే.

అసలు పాఠం చెప్పింది మా వీధి సెలూన్ అన్న. ఒక్కో కటింగ్ అయ్యాక మెషిన్ దులిపి రెండు చుక్కలు వేస్తాడు. చిన్నప్పట్నుంచీ ఆ కుర్చీలో కూర్చుంటున్నా, ఒక్కసారీ గమనించలేదు. ముందు బ్రష్‌తో వెంట్రుకలు దులపాలి. పళ్ళ మీద వరసగా, రెండు బ్లేడులు రాసుకునే వెనకవైపు, చుక్క చుక్క వెయ్యాలి. కొన్ని సెకన్లు నడిపి, పైకొచ్చిన నూనె గుడ్డతో తుడిచెయ్యాలి. అంతే, రెండు నిమిషాలు. "కొబ్బరినూనె మాత్రం వెయ్యకు తమ్ముడూ" అని కూడా చెప్పాడు. (అమ్మ అప్పటికే సీసా తీసి పెట్టింది. మా ఇంట్లో కొబ్బరినూనెతో బాగవ్వని జబ్బు లేదు.) అది చలికి గడ్డకడుతుంది, పోనుపోను బ్లేడుల మధ్య జిగురులా పేరుకుంటుంది. క్లిప్పర్ కోసమే అమ్మే పల్చటి నూనే కావాలి.

నూనె వేసినా కాసేపటికి వేడెక్కుతుంది. కాబట్టి మధ్యమధ్యలో బ్లేడుని నా మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుంటాను. నాకు చురుక్కుమంటే పని ఆపేస్తాను. చల్లబరిచే స్ప్రేలు దొరుకుతాయి కానీ, అవి నూనెకి బదులు కాదు. ఇంకోటి, లడ్డూకి స్నానం చేయించి, బాగా ఆరాకే మొదలుపెడతాను. మట్టి జుట్టు మీద నడిపితే పదును పోతుంది. బ్లేడు విప్పి బిగించేటప్పుడు పైదాని పళ్ళు కిందదాని కన్నా కొంచెం వెనక్కే ఉండాలి. ముందుకొచ్చాయంటే చర్మమే తెగుతుంది.

ఇదంతా చెప్తే మా క్లాస్‌లో వాళ్ళు "ఎందుకురా ఈ గోల, సేల్‌లో కొత్తది కొనెయ్" అన్నారు. కోడ్‌లో బగ్ అలాగే ఉంచుకుని ల్యాప్‌టాప్ మార్చినట్టుంది ఈ సలహా! బ్లేడు నిజంగానే మొద్దుబారితే నూనె కాపాడలేదు, ఒప్పుకుంటాను. అప్పుడు చాలా మోడల్స్‌కి బ్లేడు ఒక్కటే మార్చుకోవచ్చు.

చారలు వారంలో మానిపోయాయి. భయం మానలేదు. క్లిప్పర్ తీస్తే చాలు, లడ్డూ ఇప్పటికీ మంచం కిందకి దూరతాడు. ఈ మధ్య నేను దాన్ని ఆన్ చేసి పక్కన పెట్టి, ఏమీ కత్తిరించకుండా ఊరికే నేల మీద కూర్చుంటున్నాను. పోయిన ఆదివారం తల మాత్రం బయటపెట్టాడు.