కిక్కిఱిసిన శిల్పమను అపవాదు

రేఖ, ఆకృతి, అవకాశము, ఛాయ, వర్ణము అను మూలాంశములును, సమతౌల్యము, లయ, ప్రాధాన్యము, ఏకత్వము అను కూర్పు సూత్రములును పాశ్చాత్య కళాశాలలు కనిపెట్టి మనకు ప్రసాదించిన విద్య యనియు, మన ప్రాచీన శిల్పులు భక్తిచేతను ఆనవాయితీచేతను చెక్కుకొని పోయినవారే గాని కూర్పు నెఱిగినవారు కారనియు, అందుచేతనే నాగార్జునకొండ ఫలకములలో ఖాళీ యన్నది లేక మనుష్యులపై మనుష్యులు పడియున్నారనియు చిత్రకళ నభ్యసించినవారిలో ననేకులు నిస్సంకోచముగా పలుకుచున్నారు. పలనాటి పిల్లవాడు తన సీమలోని రాతిని కన్నెత్తి చూడకుండ చేయుచున్న ఈ మాటను ఖండింపక తప్పదు.

ఆ పేర్లు పాఠములుగా కుదురుకొన్నది ఇటీవలనే. ఆర్థర్ వెస్లీ డౌ కూర్పును గూర్చిన గ్రంథమును 1899లో ప్రకటించెను. కాండిన్‌స్కీ బిందువును, రేఖను, తలమును విచారించిన గ్రంథము 1926లో వెలువడెను. మాచర్ల సీమలో కృష్ణ యొడ్డున నాగార్జునకొండ శిథిలములను రంగస్వామి సరస్వతి గుర్తించినదియు ఆ యేడే. ఆ గ్రంథములు గొప్పవే. అయినను, ఆచార్యులు రేఖను మెచ్చుకొందురని చెప్పిన విష్ణుధర్మోత్తరమును, రూపభేద ప్రమాణాది చిత్ర షడంగములను లెక్కించిన, కామసూత్రముపై యశోధరుని వ్యాఖ్యయు వానికి ఎన్నో శతాబ్దుల ముందటివి.

ఇక కిక్కిఱిసిన దనుటను విచారింతము. పలనాటి సున్నపురాయి లేతాకుపచ్చ చాయగల మెత్తని రాయి. దానిమీద పలుచగా చెక్కిన ఒంటరి బొమ్మ మన యెండలో వెలవెలబోవును. ఒకరి భుజము వెనుక మఱియొకరి శిరస్సు, ఆ శిరస్సు వెనుక గుఱ్ఱపు మెడ నిలిపినప్పుడే నడుమ సందులలో నీడ చేరి, ఆ నీడయే రేఖయై రూపములను విడదీయును. కాబట్టి ఆ గుంపు ఛాయను సాధించుటకు శిల్పి ఎన్నుకొన్న ఉపాయమని నేను దృఢముగా నమ్ముచున్నాను. స్తూపపు నాలుగు దిక్కులను ముందుకు పొడుచుకొని వచ్చిన ఆయక వేదికల పైదూలములు చూడుడు: కథాఘట్టమునకును కథాఘట్టమునకును నడుమ సన్నని నిలువు గడిలో స్త్రీపురుషుల జంట నిలిచియుండును, ప్రదక్షిణము చేయువాని చూపు అడ్డముగా పరుగెత్తి, ఆ నిలువున ఒక క్షణమాగి, మరల సాగును. ఇది లయ కాకున్న లయ యన నేమి? ఆ దూలమును మ్యూజియమున తెచ్చి నిలిపి, ఎదుట కదలక నిలుచుండి చూచువానికి ఇది తోపకపోవుట శిల్పి దోషమగునా?

ఈ సంప్రదాయమునకు మాతృస్థానమైన అమరావతిలో పెక్కు ఫలకములందు బుద్ధుడు లేడు. శూన్యాసనమో, పాదచిహ్నములో ఉన్నవి. చుట్టును అంజలి ఘటించిన జనమంతయు ఆ శూన్యమువైపే వంగియుండుటచేత కన్ను మఱియొకచోటికి పోజాలదు. గుంపును తీసివేసినచో ఆ శూన్యమునకు ప్రాధాన్యమే లేదు. అచటి ఫలకమొకదానిలో నలగిరి యను మదపుటేనుగు ఒకే వృత్తములో ఒకవైపు జనులను తొక్కుచు వచ్చును, వేఱొకవైపు బుద్ధుని పాదముల కడ మోకరిల్లును. కలవరమునుండి ప్రశాంతికి చూపును నడిపించిన ఆ కూర్పును యాదృచ్ఛికమనువానితో వాదించుట కష్టము.

భక్తియు ఆనవాయితీయు మాత్రమే చేయించినవనువారికి ఒక ప్రశ్న. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని ఆఱవ రాజ్యసంవత్సరమున ఆతని మేనత్త చాంతిసిరి నాగార్జునకొండ మహాచైత్యమునకు నిలిపిన ఆయక స్తంభముల ప్రాకృత శాసనములలో, లేఖకుడు అక్షరముల నిలువు గీతలను అవసరమునకు మించి క్రిందికి సాగదీసి, చివర వంపు తిప్పినాడు. దానము నమోదగుటకు అంత పొడవు అక్కఱలేదు. అట్లు వ్రాయుమని ధర్మమును విధింపలేదు. రేఖమీది మక్కువ తప్ప దానికి వేఱు కారణము నాకు కానరాదు. నరసరావుపేటలోగాని గురజాలలోగాని చిత్రలేఖనము బోధించువారు రేఖను గూర్చిన తొలి పాఠమును ఆ యక్షరములతోనే మొదలుపెట్టవలెను. దుర్గిలో నేటికిని సున్నపురాతిపై ఉలి పట్టుచున్న శిల్పులను బడికి పిలిచి, నీడ ఎట్లు పుట్టునో పిల్లల కన్నులయెదుట చూపింపవలెను. కాండిన్‌స్కీని ఆ పిమ్మట చదివింపవచ్చును.