సర్వరు కట్టి చూడు

రాత్రి మెస్సులో భోజనాలయ్యాక మా హాస్టలు వరండాలో రెండు పార్టీలు తయారవుతాయి. ఎన్నికల పార్టీలు కావు లెండి. ఇంట్లోని ఫొటోలూ, వీడియోలూ, పాటలూ, సినిమాలూ ఒకేచోట దాచి, ఇంటిల్లిపాదీ టీవీలోనూ ఫోన్లలోనూ చూసుకోవడానికి ఒక సర్వరు పెట్టుకోవాలంటే, దాన్ని మనమే కట్టుకోవాలా, తయారుగా ఉన్న పెట్టె కొనుక్కోవాలా అన్నది తగాదా. కట్టేవాళ్ళ దృష్టిలో కొనేవాళ్ళు చేతగానివాళ్ళు. కొనేవాళ్ళ దృష్టిలో కట్టేవాళ్ళు పనిలేనివాళ్ళు. మొన్నటి వేసవి దాకా నేను మొదటి పార్టీలో గట్టి గొంతున్న కార్యకర్తని. ఇప్పుడు ఫిరాయించాను. ఫిరాయించినవాడు కారణం చెప్పుకోవాలి గదా!

అసలు ఇంట్లో సర్వరెందుకు అనేవాళ్ళున్నారు. గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. ఇప్పుడు ఒక ఖాతాకి 15 జీబీ, అదీ జీమెయిలుతో కలిపి. ఆపైన నెలనెలా అద్దె. అద్దె కట్టినన్నాళ్ళే ఇల్లు మనది. అంచేత సొంత గూడు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు.

కట్టుకోవడంలో ఉన్న సుఖాన్ని నేను కాదనను. పాత కంప్యూటరు ఒకటీ, డిస్కులు రెండూ ఉంటే చాలు. ఓపెన్ మీడియా వాల్ట్, ట్రూనాస్ వంటి సాఫ్ట్‌వేరు ఉచితం. సినిమాలు చూపించడానికి జెల్లీఫిన్ ఉంది. ఎంబీ అనే సాఫ్ట్‌వేరువాళ్ళు తమ కోడును మూసేస్తే, 2018లో కొందరు అంతకుముందు బయట ఉన్న కోడు తీసుకుని దీన్ని నిలబెట్టారు. ఇవన్నీ ఒక్కసారి చేతులతో చేసి చూస్తే వచ్చే జ్ఞానం, రికార్డులు కాపీ కొట్టుకునే మన ప్రాక్టికల్సులో రాదు. (లెక్చరర్లు క్షమించాలి.)

సంక్రాంతి సెలవుల్లో మా పిన్ని కొడుకు పారేసిన డెస్క్‌టాపుతో మా ఇంట్లో సర్వరు కట్టాను. నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు, ఒకదానికి ఇంకొకటి అద్దంలా. ఒకటి పోయినా రెండోది ఉంటుందని ధైర్యం. ముఖ్యంగా మా నాయనమ్మ పాడిన నాట్ల పాటలు పదకొండు, ఆవిడ పోకముందు నా ఫోన్లో రికార్డు చేసినవి, అందులో పెట్టాను. సర్వర్లో ఉన్నాయి గదా అని ఫోన్లోంచి తీసేశాను. ఆ రోజు నాన్న పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూసి అడిగిందొక్కటే: "నువ్వు లేనప్పుడు ఇది ఆగిపోతే ఎవణ్ణి పిలవాలిరా?" కొత్త మోటారు కొనేటప్పుడు షాపువాణ్ణి అడిగే ప్రశ్నే అది. నాన్నకేం తెలుసులే అనుకున్నాను.

నాకు సెమిస్టరు పరీక్షలు జరుగుతుండగా ఊళ్ళో గాలివానకి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. సర్వరు లేవలేదు. చెల్లెలు దాన్ని టీవీకి తగిలించి, కీబోర్డు పెట్టి, ఫోను చేసింది. "అన్నయ్యా, నల్ల తెర మీద తెల్ల అక్షరాలొచ్చి ఆగిపోయింది." నేను చెప్పడం, తను కొట్టడం. "నిలువు గీతా? కీబోర్డులో ఎక్కడుంటుందది?" ముప్పావుగంట గడిచింది. వెనకనించి అమ్మ, "ఆ పెట్టె తీసి అటకమీద పడెయ్యవే, టీవీ కూడా పాడయ్యేట్టుంది" అంటోంది. నేను ఇంటికెళ్ళేదాకా మూడు వారాలు అది అలాగే పడి ఉంది. తీరా చూస్తే డిస్కులు రెండూ బాగానే ఉన్నాయి. సాఫ్ట్‌వేరు ఎక్కించిన పెన్‌డ్రైవు పాడైంది, అంతే.

అసలు కష్టం ఆ తర్వాతిది. బాగుచేసిన ఉత్సాహంలో పాత ఫోల్డర్లు శుభ్రం చేస్తూ నాయనమ్మ పాటల ఫోల్డరు కొట్టేశాను. అద్దం గదా, రెండో డిస్కూ అదే క్షణంలో వినయంగా కొట్టేసుకుంది. ఇలా డిస్కుల్ని జతకట్టే పద్ధతికి రెయిడ్ అనే పేరు 1988లో బర్క్‌లీ శాస్త్రజ్ఞుల పరిశోధనా పత్రంతో స్థిరపడింది. డిస్కు చెడిపోతే పని ఆగకుండా చూడటం దాని పని. మన బుద్ధి చెడిపోతే అదేం చేస్తుంది?

కొన్న పెట్టెలోనైనా ఈ పొరపాటు జరిగేదే అంటారు. నిజమే. కానీ సైనాలజీ వంటి పెట్టెలో ఫోల్డరు తయారుచేసేటప్పుడే రీసైకిల్ బిన్ కావాలా అని అదే అడుగుతుంది. నేను కట్టినదాంట్లోనూ ఆ సౌకర్యం ఉంది. అడిగేవాడు లేక నేను పెట్టలేదు. డిస్కు పోతే కొన్న పెట్టె దీపం రంగు మార్చి చెబుతుంది, ఆ డిస్కు లాగి కొత్తది దూర్చడం మా చెల్లెలికి చేతనవును. కరెంటు లెక్కా చూడండి. పాత డెస్క్‌టాపు సుమారు 60 వాట్లు తాగితే ఏడాదికి 525 యూనిట్లు. రెండు డిస్కుల చిన్న పెట్టె 20 వాట్లు తాగితే 175. ఊరికే వచ్చిందనుకున్న కంప్యూటరు ఊరికే రాలేదన్నమాట.

అలాగని కంపెనీలకి దండం పెట్టమనను. వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పెట్టెలు 2015 తర్వాత కొత్త అప్‌డేట్లకు నోచుకోలేదు. 2021 జూన్‌లో ఎవరో ఇంటర్నెట్టు గుండా జొరబడి ఎందరివో తుడిచేశారు. 2025లో సైనాలజీ తన కొత్త ప్లస్ పెట్టెల్లో తాను ఒప్పుకున్న డిస్కులే వాడాలని షరతు పెట్టింది. కొనేవాళ్ళు తిరగబడితే అదే ఏడాది అక్టోబరులో సడలించింది. కాబట్టి కొన్నా సరే, దాన్ని నేరుగా ఇంటర్నెట్టుకి తెరిచి పెట్టకూడదు, కంపెనీ మద్దతు ఎన్నాళ్ళో చూడకుండా డబ్బివ్వకూడదు.

కట్టినవాడే ఆ ఇంట్లో ఉంటూ, నాలుగైదు డిస్కులు కావాలనుకుంటే కట్టుకోవడమే మేలు. హాస్టల్లో ఉండి ఊళ్ళోని ఇంటికి కట్టిపెట్టేవాళ్ళతోనే నా పేచీ. మన సరదాకి అమ్మానాన్నల చేత కాపలా కాయిస్తున్నాం.

పంట డబ్బులొచ్చాక నాన్న చిన్న పెట్టె కొన్నారు. పాత డెస్క్‌టాపు ఇప్పుడు నా గదిలో ఉంది, ప్రయోగాలకి. పెట్టెతోపాటు విడిగా మూడో డిస్కు కూడా కొనిపించాను. నెలకోసారి అన్నీ దానిమీదికి ఎక్కించి, తీసి, పిన్నివాళ్ళింట్లో బీరువాలో పెడతారు. ఆ పని చెల్లెలిది. డిస్కు మీద స్కెచ్ పెన్నుతో తనే రాసింది: "అన్నయ్య ముట్టుకోరాదు."