లారీ వేగానికి కళ్లెం: డీజిల్ ఆదా ఎక్కడ?

హైదరాబాద్: చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వెళ్లే దారిలో, మెట్రో స్తంభాల పక్కన, లారీ గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోవడం జరిగే పని కాదు. అశోక్‌నగర్ సందుల్లో అయితే రెండో గేరు దాటడమే కష్టం. పోటీ పరీక్షలకు పిల్లలను అక్కడ ఉంచి చదివిస్తున్న మన గ్రామాలవారికి ఈ వీధులు కొత్తవి కావు. ఇలాంటి చోటికి బియ్యం, సిమెంటు, ఇసుక మోసుకొచ్చే లారీలకు స్పీడ్ గవర్నర్ ఎందుకన్న ప్రశ్న సహజం. దానివల్ల డీజిల్ మిగులుతుందని కొందరు, కాలం వృథా అని మరికొందరు వాదిస్తారు. కిరాయిలో పెద్ద భాగం డీజిల్‌దే కనుక ఈ వాదం తేలితే బాగుపడేది సరుకు పంపే రైతు కూడా.

నిబంధన ఏమంటున్నది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 118వ నిబంధన ప్రకారం 2015 అక్టోబరు 1 నుంచి తయారైన రవాణా వాహనాలకు, కొన్ని మినహాయింపులు పోను, స్పీడ్ గవర్నర్ తప్పనిసరి. లారీకి హద్దు 80 కిలోమీటర్లు. డంపర్లు, ట్యాంకర్లు, స్కూలు బస్సులకు 60. యూరప్‌లో 12 టన్నులు మించిన లారీలకు 1994లోనే ఈ పద్ధతి వచ్చింది. అక్కడి హద్దు 90.

గవర్నర్ చేసే పని ఒక్కటే. హద్దు చేరాక డ్రైవరు యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఇంజనుకు డీజిల్ ఎక్కువ అందనివ్వదు. అది బ్రేకు కాదు. దిగుడులో బరువుకు బండి పరుగెత్తితే ఆపలేదు.

ఆదా హైవే మీదనే

వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. 80 నుంచి 90కి వెళితే పెరిగే వేగం పది కిలోమీటర్లే అయినా గాలి నిరోధం సుమారు 27 శాతం పెరుగుతుంది. ఇంత డీజిల్ తగలేసి 150 కిలోమీటర్ల ప్రయాణంలో సంపాదించేది 12 నిమిషాలు. పగటిపూట భారీ లారీలకు నగరంలో ఆంక్షలున్నందున, ముందు వచ్చిన లారీ శివారులో నిలబడితే ఆ 12 నిమిషాలూ దండగే.

వీధిలో దారి వేరు

చిక్కడపల్లి వంటి వీధిలో గవర్నర్‌కు పనే ఉండదు. అక్కడ డీజిల్ తాగేది ఆగడం, మళ్లీ కదలడం. నిండు బరువు లారీని కదిలించడానికి పెట్టిన శక్తి బ్రేకు వేయగానే వేడిగా మారి పోతుంది. ముందున్న రద్దీని చూసి కాలు ముందుగానే తీసే డ్రైవరు ఈ నష్టాన్ని తగ్గించగలడు. సరుకు దించేవరకు ఇంజను ఆపకుండా ఉంచితే పెద్ద లారీకి గంటకు 2 నుంచి 3 లీటర్లు ఖర్చు.

దిగుడులో న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందన్న నమ్మకం మన డ్రైవర్లలో బలంగా ఉంది. కొత్త ఇంజన్లలో గేరులో ఉండి కాలు తీస్తే డీజిల్ సరఫరా దానంతటదే ఆగుతుంది. న్యూట్రల్‌లో ఇంజను తిరగడానికి డీజిల్ కావాలి. పైగా ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

లెక్క ఎవరు రాస్తున్నారు?

ఈ ప్రాంతానికి ఆనుకొనే ముషీరాబాద్‌లో ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్‌భవన్ ఉంది. లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో ఆర్టీసీ డిపోల్లో డ్రైవరు వారీగా లెక్క కడతారు. ఒకటి రెండు లారీలున్న ఓనర్లలో ఎందరు ఈ లెక్క రాస్తున్నారు? డీజిల్ ఖర్చు ఓనరుది. కూలి మాత్రం ట్రిప్పుకు ఇంత. ఎన్ని ట్రిప్పులైతే అంత డబ్బు వచ్చే డ్రైవరు వేగం తగ్గించమంటే ఎందుకు తగ్గిస్తాడు? గవర్నర్ సీలు తెంచాలన్న ఆశ పుట్టేది ఇక్కడే.

కనుక లారీ ఉన్నవారు ట్యాంకు నింపిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు పుస్తకంలో రాయాలి. మిగిలిన డీజిల్‌లో డ్రైవరుకు వాటా ఇవ్వాలి. సరుకు పంపేవారు దించే వేళ ముందే ఖాయం చేసుకోవాలి. ఫిట్‌నెస్ పరీక్షలో అధికారులు గవర్నర్ ఉందా అని మాత్రమే కాక, పని చేస్తున్నదా అని కూడా చూడాలి. ఇవేవీ లేకుండా యంత్రం ఒక్కటే పెట్టి కిరాయి తగ్గాలంటే తగ్గదు.