సీలియాక్ రోగిని అనుమానించే ముందు

గోధుమ మానేసి ఏడాది గడిచినా విరేచనాలు తగ్గని సీలియాక్ రోగితో వైద్యులం సాధారణంగా అనే మొదటి మాట: "ఎక్కడో ఏదో తిని ఉంటారు, గుర్తు తెచ్చుకోండి." వృత్తిలో ఉన్న రోజుల్లో నేనూ ఆ మాట అన్నవాణ్ణే. అనుమానం నిరాధారం కాదు. బజారులో దొరికే ఇంగువ పొడిలో తరచుగా మైదా కలిపి ఉంటుంది. ఆ సంగతి తెలియక నిశ్చింతగా పులిహోర తినేవారు ఉంటారు. అయితే అక్కడితో విచారణ ముగించి రోగిని దోషిగా నిలబెట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

ఎందుకో మనవి చేస్తాను. ఆహారం చిన్నపేగు మొదటి భాగానికి చేరగానే అక్కడి లోపొర కొలిసిస్టోకైనిన్, సెక్రెటిన్ అనే హార్మోన్లను రక్తంలోకి విడుదల చేస్తుంది. జీర్ణరసం పంపమని క్లోమగ్రంథికి వెళ్లే కబురు అదే. సీలియాక్ వ్యాధిలో గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ వల్ల దెబ్బతినేది ఆ పొరే. కబురు సరిగా అందనప్పుడు ఆరోగ్యంగా ఉన్న క్లోమం కూడా చాలినంత రసాన్ని స్రవించదు. కొవ్వు అరగక మలం జిడ్డుగా, దుర్వాసనతో వస్తుంది. బరువు తగ్గుతుంది. ఎ, డి వంటి విటమిన్లు కొరవడతాయి.

దీనిని గుర్తించడానికి మలంలో ఎలాస్టేజ్ పరీక్ష ఉన్నది. గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే క్లోమం పనితీరును శంకించాలి. మలం మరీ నీళ్లగా ఉంటే లేని లోపం ఉన్నట్లు కనిపించవచ్చు. కనుక వీలైనంత గట్టి నమూనానే ఇవ్వాలి.

లోపం తేలితే భోజనంతో పాటు ఎంజైమ్ గుళికలు వాడవలసి ఉంటుంది. వీటిలో అధికభాగం పంది క్లోమం నుండి తయారవుతాయి. ఆహార నియమాలున్న రోగికి ఆ సంగతి ముందే చెప్పడం వైద్యుని బాధ్యత. గుళికలు వేసుకుంటున్నాము కదా అని గోధుమ జోలికి పోరాదు. పేగు మానేకొద్దీ చాలామందిలో క్లోమం కోలుకుంటుంది. కాబట్టి కొంతకాలానికి మళ్లీ పరీక్షించి, మందు ఇంకా అవసరమో కాదో చూడాలి.

తగ్గని విరేచనాలకు క్లోమమొక్కటే కారణమని నేననను. పాలలోని లాక్టోజ్ పడకపోవడం, చిన్నపేగులో బాక్టీరియా మితిమీరి పెరగడం కూడా కారణాలే. కానీ ఇవన్నీ వెతికితే దొరికేవి. రోగి మాట నమ్మితేనే మనం వెతుకుతాము.

మీ ఇంట్లో ఇటువంటి రోగి ఉంటే, ఈసారి వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు, "క్లోమం పనితీరు కూడా ఒకసారి చూస్తారా?" అని వినయంగానే అడగండి. అడగడానికి సంకోచించకండి.