నవంబర్ 17 ఎవరిది?

"చరిత్రలో ఈ రోజు" శీర్షిక మీద నాకు చాన్నాళ్లుగా కోపం. పేపర్లోనైనా, ఫోన్లోనైనా అదే వరస: ఒకరు పుట్టారు, ఒకరు పోయారు, ఎక్కడో యుద్ధం మొదలైంది. తారీఖు ఒకటే కాబట్టి అన్నిటినీ ఒకే గాటన కట్టేయడం. డేటాబేసులతో బతికేవాణ్ణి కాబట్టి చెప్తున్నా: తేదీ వెతుక్కోడానికి పనికొస్తుంది, అర్థం చేసుకోడానికి కాదు.

గ్రీసు నవంబర్ 17నే తీసుకోండి. 1973: ఏథెన్స్ పాలిటెక్నిక్ గేటును సైన్యం ట్యాంకుతో కూల్చింది. 1974: ఎన్నికలు, కరమన్లిస్ గెలుపు. రెండే లైన్లు. చదివితే ఏమనిపిస్తుంది? విద్యార్థులు తిరగబడ్డారు, సరిగ్గా ఏడాదికి ప్రజాస్వామ్యం వచ్చేసింది, శుభం కార్డు పడింది.

అలా జరగలేదు. 1967 ఏప్రిల్ 21న అధికారం లాక్కున్న కల్నల్స్ మీద ఆ పిల్లలు తిరగబడ్డారు, కాలేజీని ఆక్రమించి సొంత రేడియో నడిపారు. ట్యాంకు వచ్చిన వారం దాటగానే నియంత పపడోపులోస్ పోయాడు, నిజమే. కానీ అతన్ని దించింది అతనికన్నా కరుడుగట్టిన ఇయోన్నిడిస్. ఆ పాలన కూలింది 1974 జులైలో, సైప్రస్‌లో కుట్ర చేసి, టర్కీ సైన్యం అక్కడ దిగాక. అంటే ఆ రెండు లైన్ల మధ్య ఒక ద్వీపం రెండు ముక్కలైంది. జాబితాలో అది ఎక్కడుంది?

మరి తిరుగుబాటు వృథాయేనా? కాదు. అప్పటికి పపడోపులోస్ ఒక పౌర ప్రధానిని ముందు నిలబెట్టి, ఎన్నికలు పెడతానంటూ పెద్దమనిషి వేషం కట్టాడు. విద్యార్థులు జుంటాని కూల్చలేదు, ఆ వేషం విప్పించారు. ఈ తేడా చిన్నదేం కాదు.

తేదీని ఒంటరిగా వదిలేస్తే దొంగలు పడతారు. 1975లో ఒక సాయుధ ముఠా దాన్నే తన పేరుగా పెట్టుకుంది, 2002లో పట్టుబడేలోగా 23 మందిని చంపింది. అదీ, చేతిలో ఆయుధం లేకుండా గేటు వెనక నిలబడ్డవాళ్ల పేరు మీద! ఇంకోపక్క "పాలిటెక్నిక్ లోపల ఒక్కరూ చావలేదు" అని వాదించే పెద్దమనుషులు. కిటుకంతా "లోపల" అన్న మాటలోనే ఉంది. జనం చచ్చింది బయట, నగరం వీధుల్లో. పరిశోధకులు 24 మందిని పేర్లతో సహా గుర్తించారు.

ఏటా ఆ రోజు ఏథెన్స్‌లో నెత్తుటి జెండా పట్టుకుని అమెరికా ఎంబసీ దాకా నడుస్తారు. ఎంబసీకే ఎందుకు? జుంటాకి అండగా నిలిచింది ఎవరో వాళ్లు మర్చిపోలేదు గనక. ఈ "ఎందుకు"కి ఏ జాబితాలోనూ చోటుండదు.

కాబట్టి మిత్రులారా, తారీఖులు ఫార్వర్డ్ చేసేముందు ఒక్క పని చేయండి. రెండు లైన్ల మధ్య ఖాళీలో ఎవరున్నారో చూడండి. చరిత్ర అక్కడే ఉంటుంది. దాన్ని చెరిపేసేవాళ్లు కూడా అక్కడే ఉంటారు.