ఎదురుచూపులో తరగతులు

విమానాశ్రయాల్లోని ‘లౌంజి’కి తెలుగులో ఒక మంచి పేరు పెడదామని చాలాసార్లు అనుకున్నాను. ‘విశ్రాంతి మందిరం’ అందామంటే మనసొప్పదు. విశ్రాంతి కావాలంటే ముందు అలసట ఉండాలి కదా! గుమ్మం ముందు కారెక్కి, ఔటర్ రింగు రోడ్డు మీద కునుకు తీస్తూ వచ్చి, చక్రాల పెట్టెను రెండు వేళ్ళతో లాక్కుంటూ నడిచేవాడికి అలసట ఎక్కడిది? అయినా మెత్తని సోఫా, వేడి ఇడ్లీ, కాఫీ యంత్రం, చల్లని గది అతని కోసమే సిద్ధంగా ఉంటాయి. అదే విమానంలో వెనక వరుసల్లో కూర్చోబోయే మనిషి, తెల్లవారుజామున ఎక్కడో బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చినవాడు, గేటు దగ్గర ఇనుప కుర్చీలో మెడ వాల్చి నిద్రపోతుంటాడు. అలసట ఒకరిది, విశ్రాంతి మరొకరిది.

మన దక్షిణ తెలంగాణ వాళ్ళకు ఈ సంగతి మరీ దగ్గరగా కనిపిస్తుంది. 2008 మార్చి 23న బేగంపేట నుండి ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు మారాయి. దాంతో విమానాశ్రయం పాలమూరు దారిలోకి వచ్చి కూర్చుంది. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల బస్సులు జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాదు మీదుగానే పట్నం చేరాలి. నల్లగొండ, దేవరకొండ వైపువాళ్ళకు ఔటర్ రింగు రోడ్డు పడ్డాక నగరంలో అడుగు పెట్టకుండానే విమానం అందుతోంది. అమెరికా చదువుకు పోయే పిల్లవాణ్ణి సాగనంపడానికి రెండు కార్ల నిండా చుట్టాలు రావడం ఇప్పుడు నల్లగొండ పల్లెల్లోనూ వింత కాదు. వాళ్ళంతా అద్దాల గోడకు ఇవతల అర్ధరాత్రి దాకా నిలబడి, లోపలికి పోయినవాడు ఒక్కసారి వెనక్కి తిరుగుతాడేమోనని చూస్తుంటారు.

ఈ లౌంజి పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. 1939లో న్యూయార్కులోని లగార్డియా విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తెరిచిన ‘అడ్మిరల్స్ క్లబ్’ను తొలి లౌంజిగా చెబుతారు. తొలినాళ్ళలో దానికి డబ్బు కట్టి చేరేవీలు లేదు. పిలుపు అందినవాళ్ళకే ప్రవేశం. అంటే మొదట అది జమీందారుగారి దివాణంలోని లోపలి చావడి లాంటిదన్నమాట. తరువాత సభ్యత్వాలు వచ్చాయి, బిజినెస్ క్లాసు టిక్కెట్లు వచ్చాయి. చివరకు బ్యాంకు కార్డులు వచ్చి ఆ తలుపును బార్లా తెరిచేశాయి. మన దేశంలో కొన్ని డెబిట్ కార్డులతో రెండు రూపాయలు గీకితే చాలు, లోపలికి పోనిచ్చేవారు. ఇంకేముంది, లౌంజి ముందు బారులు తీరారు. కూర్చుని ఎదురుచూడటం కోసం నిలబడి ఎదురుచూడటం! నాకైతే ఆ బారులో గేటు దగ్గరి కుర్చీయే సుఖమనిపించింది. ఈ రద్దీ చూసి బ్యాంకులు 2023 నుండి ‘మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే’ అంటూ షరతులు బిగించాయి. పెద్ద విమాన సంస్థలైతే ఫస్ట్ క్లాసు వారికి మరో గది కట్టుకున్నాయి. ఉల్లిపొరల్లాగా, ఒకటి వలిస్తే లోపల ఇంకొకటి.

బాటసారికి అన్నం, నీడ అమ్మడం మనకు కొత్తేమీ కాదు. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు ఉంది. ఒక్క రూకకు కడుపునిండా కమ్మని భోజనం పెట్టేవారట అక్కడ. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కాకతీయుల నాటి బతుకును చెప్పడానికి ఆ కావ్యాన్నే ఆధారం చేసుకున్నాడు. పూటకూళ్ళమ్మ రూక పుచ్చుకుంది, దానికి తగ్గ అన్నం పెట్టింది. ఆ లెక్కలో దాపరికం లేదు. సత్రం, చలివేంద్రం వేరు. వాటిని కట్టించినవాడు ముందు ఒక్కటే చూసుకునేవాడు: నడిచే మనిషికి ఎక్కడ దప్పికవుతుంది, ఎక్కడ పొద్దుగూకుతుంది అని. ఊరికీ ఊరికీ నడుమ, చెట్టు లేని చోట, ఎండ మండే దారిలో కుండలు పెట్టేవారు. అలసట ఉన్నచోటే విశ్రాంతిని వెతికి పెట్టేవారు.

అయితే ఇక్కడ ఆగాలి. పాతదంతా బంగారమని నేననను. ఆ సత్రాల్లో చాలావాటి గుమ్మం దగ్గర మొదట అడిగేది కులమే. చలివేంద్రంలో కొందరికి చెంబు అందేది, కొందరికి దోసిలి పట్టమని ఎత్తు నుండి నీళ్ళు పోసేవారు. లౌంజి గుమ్మంలో కూర్చున్న అమ్మాయి కార్డు అడుగుతుంది, బోర్డింగు పాసు అడుగుతుంది, అంతే. దేవరకొండ తండాలో పుట్టి ఇంజనీరైన లంబాడీ యువకుడు అక్కడ ఎవరి పక్కనైనా కూర్చుని ఎవరు తిన్న గిన్నెల్లోనైనా వడ్డించుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. అందుకే లౌంజిని తిట్టిపోసేవాళ్ళతో నేను పూర్తిగా కలవలేను.

నా ఫిర్యాదు లౌంజి మీద కాదు. దాని బయట మిగిలిపోయిన చోటు మీద.

పాలమూరు మనిషికి ఎదురుచూపు అంటే బస్టాండే. గల్ఫ్ వలస అనగానే కరీంనగర్, నిజామాబాదు గుర్తొస్తాయి. పాలమూరు వలస ఎక్కువగా ముంబై, పూణే దారి పట్టింది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా ‘పాలమూరు లేబర్’ అన్న పేరు వినబడేది. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని మొగుడూ పెళ్ళామూ పిల్లలతో, బియ్యం మూటతో, జొన్నరొట్టెల సద్దితో నారాయణపేటలోనో మహబూబ్‌నగర్‌లోనో ముంబై బస్సు కోసం గంటల తరబడి నేల మీద కూర్చునేవారు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక కొన్ని ఊళ్ళలో వలస తగ్గింది గానీ ఆగిపోలేదు. ఆ మూటల మీద తల పెట్టుకుని పడుకున్న ముసలివాళ్ళకు మించి విశ్రాంతి అవసరమైన ప్రయాణికులెవరో నాకు తెలియదు.

ఒకప్పుడు ఇదే బస్టాండులో పంతులుగారు, తాలూకా గుమాస్తా, ఆసుపత్రి డాక్టరు కూడా బస్సు కోసం నిలబడేవారు. కుళాయిలో నీళ్ళు రాకపోతే స్టేషను మాస్టరు గది ముందుకు వెళ్ళి గట్టిగా అడిగేవారు, పత్రికకు ఉత్తరం రాసేవారు. వాళ్ళు తమ కోసమే అడిగారు, నిజమే. కానీ కుళాయి బాగుపడితే ఆ నీళ్ళు మూటలతో వచ్చినవాళ్ళకూ అందేవి. ఇప్పుడు ఆ పంతులుగారి కొడుకు కారులో పోతున్నాడు, మనవడు లౌంజిలో కూర్చుంటున్నాడు. అడగగల నోరున్నవాళ్ళంతా లోపలికి వెళ్ళిపోయాక బయటి కుళాయి గురించి అడిగేదెవరు? విమానాశ్రయంలోనూ అంతే. గేటు దగ్గర కుర్చీలు చాలడం లేదని గొడవ చేయగలిగినవాడి కాలికి అక్కడి నేల తగలదు.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. నేను దాన్ని మనసారా మెచ్చుకుంటాను. కాలు కదపలేని ఆడవాళ్ళకు ఊరు దాటే దారి దొరికింది. కానీ ప్రయాణం పెరిగితే ఎదురుచూపూ పెరుగుతుంది. టిక్కెట్టు లేకుండా చేసిన ప్రభుత్వం, ఆ ఆడమనిషి బస్సు వచ్చేదాకా ఎక్కడ కూర్చుంటుందో, పసిపిల్లకు ఎక్కడ పాలిస్తుందో, మరుగుదొడ్డికి ఎక్కడికి పోతుందో కూడా టిక్కెట్టంత శ్రద్ధగా ఆలోచించాలి. ఆమెకు ఇడ్లీ, కాఫీ అక్కరలేదు. వీపు ఆనించుకోవడానికి వెనక ఆధారమున్న బల్ల, మూట పెట్టుకుని నిశ్చింతగా కన్ను మూయడానికి ఒక వెలుతురున్న మూల, లోపల గడియ పడే మరుగుదొడ్డి, మండుటెండలో ఒక కుండ, కొసిగి బస్సు ఎన్ని గంటలకో నిజం చెప్పే ఒక బోర్డు.